కొత్త కారుకు సిరామిక్ కోటింగ్ నేనే వేసుకోవచ్చా? మొదటిసారి, అదీ సెల్లార్‌లో

మియాపూర్_మధు
పోయిన గురువారం కారు డెలివరీ తీసుకున్నాను. నల్ల రంగు. అందరూ వద్దన్నా నలుపే కావాలని పట్టుబట్టాను కాబట్టి ఇప్పుడు ఆ మెరుపు కాపాడుకోవాల్సిన బాధ్యత కూడా నాదే. షోరూంలో సిరామిక్ కోటింగ్‌కు, అదే పెయింట్ మీద పల్చగా పూస్తే గట్టిపడే రక్షణ పూతకు, 28 వేలు అడిగారు. ఏ కంపెనీది వేస్తారు, ఎన్ని కోట్లు, ముందు పాలిష్ ఉంటుందా అని అడిగితే "9హెచ్ సార్, గీత పడదు సార్" అన్న మాట తప్ప ఇంకో జవాబు రాలేదు. వద్దని వచ్చేశాను.

ఆన్‌లైన్‌లో 30 ఎంఎల్ బాటిల్, అప్లికేటర్, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కలిపి 3 వేల లోపే దొరుకుతున్నాయి. చేతిపని నాకు ఇష్టం, ఇంట్లో గోడలకు రంగు నేనే వేశాను. కానీ కారు కడగడం కూడా ఇంతవరకు సొంతంగా చేయలేదు. గ్యారేజీ లేదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే చేయాలి.

కొత్త కారే కదా, నేరుగా పూసేయవచ్చా? పెయింట్ ఆరడానికి నెల ఆగాలని ఒకరు, ఆగకూడదని ఇంకొకరు చెబుతున్నారు. తప్పు జరిగితే పెయింట్ పోతుందా? ఇంకొకటి, నాన్నగారు వచ్చే మంగళవారం తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడిలో వాహన పూజ అనుకున్నారు. కోటింగ్ పూజకు ముందు వేయాలా, తర్వాతా?

కారుపిచ్చి
పూజ తర్వాతే బ్రో, ఇందులో రెండో ఆలోచన వద్దు. సిందూరం నూనెలో కలిపి పెడతారు, కొబ్బరినీళ్లు బంపర్ మీద చిందుతాయి. కోటింగ్ వేసిన మొదటి వారంలో ఇవన్నీ పడితే పని మొత్తం పాడవుతుంది.

స్టీరింగ్_శారద
నాది తెల్ల కారు. పూజారి గారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీశారు. మంచి రోజని మూడు రోజులు తుడవలేదు. తర్వాత ఎంత కడిగినా లేత పసుపు గుర్తు పోలేదు. చివరికి ఎండే తీసేసింది, పసుపు మరక ఎండకు నిలవదు కదా. నలుపు మీద అంతగా కనపడదు కానీ కుంకుమ పొడిని మాత్రం పొడి గుడ్డతో రుద్దకండి తమ్ముడూ. నీళ్లు పోసి జారనివ్వాలి.

రింగురోడ్డు
నా మాట వింటే ఏ కోటింగూ వద్దు. పదేళ్లుగా కారు వాడుతున్నాను. మూడు నెలలకోసారి మంచి వ్యాక్స్, వారానికోసారి షాంపూ వాష్. పెయింట్ ఇప్పటికీ బాగుంది. ఈ 9హెచ్ మాటలన్నీ అమ్ముకోవడానికి.

కారుపిచ్చి
@రింగురోడ్డు అన్నా, మీ కారు సిల్వర్. సిల్వర్ మీద ఏ గీతా కనపడదు. నలుపు మీద పిల్లి నడిచినా తెలుస్తుంది.

బెజవాడ_డీటెయిలర్
పదకొండేళ్లుగా ఇదే నా వృత్తి. బెజవాడలో చిన్న షాపు ఉంది. మీరు సొంతంగా చేసుకుంటే నాకు నష్టమేమీ లేదు, తప్పుగా చేసుకుంటేనే బాధ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పెయింట్ ఆరడం గురించి. ఫ్యాక్టరీలో బాడీకి రంగు వేశాక పెద్ద ఓవెన్‌లో 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కారు మీ చేతికి వచ్చేసరికి ఆ పెయింట్ పూర్తిగా గట్టిపడి ఉంటుంది. నెల ఆగాలన్న మాట కొత్త కారుది కాదు, గుద్దుకున్నాక బాడీ షాపులో మళ్లీ రంగు వేయించుకున్న డోరుకు, బంపర్‌కు చెందినది. అక్కడ అంత వేడి పెట్టలేరు, లోపలి సాల్వెంట్ బయటికి పోవడానికి నెల రోజులైనా పడుతుంది. కాబట్టి మీరు ఆగనక్కర్లేదు.

ఇక 9హెచ్. అది పెన్సిల్ పరీక్ష. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే ఆ పూతకు గీత పడలేదని అర్థం, అంతే. రోడ్డు మీద ఇసుక రేణువు పెన్సిల్ కంటే ఎంతో గట్టిది. మురికి గుడ్డతో రుద్దితే కోటింగ్ ఉన్నా గీత పడుతుంది. కారు పెయింట్ మొత్తం మందం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో రంగు పైన ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక 70 అనుకోండి. మీరు వేసే సిరామిక్ పొర దాదాపు ఒక్క మైక్రాన్. ఆ ఒక్క మైక్రాన్ రాయి దెబ్బను ఎలా ఆపుతుంది? ఆపదు. అది చేసే పని వేరు: మురికి పట్టుకోనివ్వదు, నీళ్లు జారిపోయేలా చేస్తుంది, పక్షి రెట్ట లోపలికి దిగేలోపు తుడుచుకోవడానికి మనకు టైం ఇస్తుంది, కడగడం తేలిక చేస్తుంది. ఇంత వస్తే చాలనుకుంటే వేసుకోండి.

తప్పు జరిగితే పెయింట్ పోదు. పూత మచ్చలుగా గట్టిపడితే పాలిష్‌తో తీసి మళ్లీ వేయొచ్చు. శ్రమ మాత్రం తప్పదు.

మియాపూర్_మధు
@బెజవాడ_డీటెయిలర్ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. షోరూంలో ఒక్కరు ఇందులో నాలుగో వంతు చెప్పినా అక్కడే వేయించుకునేవాడినేమో. మరి ముందు ఏం చేయాలి? కడిగితే సరిపోతుందా?

బెజవాడ_డీటెయిలర్
కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, సెల్లార్ చీకట్లో ఫోన్ టార్చ్ బానెట్ మీద ఏటవాలుగా కొట్టి చూడండి. సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు కనపడితే అవే స్విర్ల్స్. కొత్త కారుకు ఎందుకుంటాయని అనుకోవద్దు. ఫ్యాక్టరీ నుంచి ట్రక్కు, యార్డు, డెలివరీకి ముందు హడావిడిగా ఒక వాష్... కొన్ని కార్లకు అక్కడే పడతాయి. కోటింగ్ వాటిని కప్పదు. వాటి మీద గాజు వేసినట్టు ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

పాతమోడల్
సెల్లార్ వాష్ గురించి ఒక్క మాట. ఈ రోజే మీ వాచ్‌మన్‌కు చెప్పి పెట్టండి, కారు ముట్టుకోవద్దని. పాపం వాళ్లు మంచి మనసుతోనే పొద్దున్నే ఒకే గుడ్డతో పది కార్లు తుడుస్తారు. ఆ గుడ్డలో నిన్నటి ఇసుక ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో నలుపు, ముదురు నీలం కార్లన్నీ ఏడాదిలో అలాగే మసకబారాయి. నేను మా వాచ్‌మన్‌కు నెల డబ్బులు మామూలుగానే ఇస్తున్నాను, టైర్లు, అద్దాలు మాత్రం తుడవమన్నాను. ఆయనకూ సంతోషమే.

స్టీరింగ్_శారద
ఇది నిజం. వంద రూపాయల ఈక దులుపుడు కర్ర కూడా అంతే. దుమ్ము పోయినట్టు కనిపిస్తుంది, గీతలు మిగులుస్తుంది.

కారుపిచ్చి
మధు బ్రో, నేను చేసిన వరుస ఇది. షాంపూ వాష్, తర్వాత ఐరన్ రిమూవర్. బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని ఉంటుంది. స్ప్రే చేశాక అక్కడక్కడ ఊదా రంగులో కారుతుంది, చూడటానికి భలే ఉంటుంది. వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డే. పక్కింటివాళ్లకు ముందే చెప్పుకోండి. ఆరనివ్వకుండా కడిగేయాలి. తర్వాత క్లే బార్ (కడిగినా పోని మురికిని రుద్ది లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముక్క), తర్వాత పాలిష్, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, ఆపైన కోటింగ్.

స్టీరింగ్_శారద
క్లే దగ్గర నేను ఒప్పుకోను. నల్ల కారు, మొదటిసారి, చేతిలో మెషీన్ లేదు. క్లే రుద్దితే సన్న గీతలు పడే అవకాశం ఎక్కువ. తర్వాత పాలిష్ చేయకపోతే ఆ గీతల మీదే కోటింగ్ వేసినట్టు. ముందు ప్లాస్టిక్ కవర్ పరీక్ష చేయండి. కడిగిన కారు మీద, చేతికి పల్చటి కవర్ తొడుక్కుని వేళ్లతో మెల్లగా జరపండి. గరుకుగా తగిలిన చోట మాత్రమే క్లే. నున్నగా ఉంటే వదిలేయండి. నా కారుకు డోర్ల కింది భాగంలో, డిక్కీ దగ్గర తప్ప ఎక్కడా అవసరం పడలేదు.

కారుపిచ్చి
అక్కా, కొత్త కారైనా మొత్తం క్లే చేయాల్సిందే. లేకపోతే కోటింగ్ సరిగ్గా అంటుకోదు.

బెజవాడ_డీటెయిలర్
శారద గారి మాటే కరెక్ట్, మధు గారి విషయంలో. మెషీన్ పాలిష్ చేసేవాళ్లు మొత్తం క్లే చేయొచ్చు, పడిన గీత పాలిష్‌లో పోతుంది. మెషీన్ లేనివాళ్లు గరుకున్న చోటే చేయాలి, అదీ లూబ్రికెంట్ బాగా స్ప్రే చేసి, బరువు వేయకుండా. క్లే ముక్క కింద పడితే మళ్లీ వాడకండి, ఇసుక అంటుకుంటుంది.

డీఏ మెషీన్ (ప్యాడ్ తిరుగుతూ అటూ ఇటూ ఊగే పాలిష్ మెషీన్) కొనాలా అని అడుగుతారేమో. మొదటి కారుకు, మొదటిసారికి వద్దు. టార్చ్ కింద స్విర్ల్స్ మరీ ఎక్కువుంటే పాలిష్ ఒక్కటి బయట చేయించుకుని, కోటింగ్ మీరు వేసుకోండి. ప్యాడ్ ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ మెషీన్ జోలికి మాత్రం పోవద్దు. తెలియని చేతిలో అది అంచుల దగ్గర క్లియర్ కోట్‌ను క్షణాల్లో కాల్చేస్తుంది. కోటింగ్‌లో చేసిన తప్పు దిద్దుకోవచ్చు, అది దిద్దలేం.

విశాఖ_తీరం
ఇంతకీ ఎవరూ వాతావరణం గురించి మాట్లాడలేదు. నేను విశాఖలో జూన్‌లో వేశాను. బాటిల్ మీద రెండు మూడు నిమిషాలు ఆగి తుడవమని ఉంది. అలాగే ఆగాను. మా గాలిలో తేమకి, వేడికి అది నిమిషంలోపే పట్టేసింది. గుడ్డ జరగలేదు. రూఫ్ సగం మీద ఇంద్రధనుస్సు రంగుల మచ్చలు అలాగే ఉండిపోయాయి. ఈ పూత గట్టిపడేదే గాలిలో తేమతో. అందుకని టైం చూడకండి, పూతను చూడండి.

మియాపూర్_మధు
పూతను చూడటమంటే ఏం చూడాలి? నాకు అసలు భయం అక్కడే.

విశాఖ_తీరం
పూసిన వెంటనే తడిగా మెరుస్తుంది. కాసేపటికి సాల్వెంట్ ఎగిరిపోతూ సన్న చినుకుల్లా, చెమట పట్టినట్టు మారుతుంది. కొన్నింటిలో నీళ్ల మీద పెట్రోలు పడినట్టు రంగులు తిరుగుతాయి. అదే సమయం. మొదటి గుడ్డతో ఒత్తకుండా సమం చేయాలి, రెండో గుడ్డతో మెరుగు పెట్టాలి. ముందు డిక్కీ కింద, బంపర్ మూల లాంటి కనపడని చోట జానెడు వేసి చూడండి. ఆ రోజు, ఆ చోట ఎంతసేపు పడుతుందో అదే చెబుతుంది.

బెజవాడ_డీటెయిలర్
సరిగ్గా చెప్పారు. హైదరాబాద్ డిసెంబర్ పొద్దున అయితే చాలా అనుకూలం. చల్లగా ఉంటుంది, టైం దొరుకుతుంది. 15 నుంచి 25 డిగ్రీలు బాగుంటుంది. ఎండ తగిలిన బానెట్ మీద ఎప్పుడూ వద్దు, చేయి పెడితే చల్లగా తగలాలి.

ఒకసారికి రెండడుగుల చదరం, అంతకు మించి వద్దు. అప్లికేటర్‌కు నాలుగైదు చుక్కలు, మొదటి చదరానికి మాత్రం కాస్త ఎక్కువ. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. చుక్కలు ఎక్కువైతే రక్షణ ఎక్కువ కాదు, తుడవడమే కష్టమవుతుంది. ప్రతి చదరం తర్వాత టార్చ్ పక్క నుంచి కొట్టి చూసి, అప్పుడే ముందుకు కదలండి. నైట్రైల్ గ్లౌజులు, మాస్క్ తప్పనిసరి. ఘాటైన సాల్వెంట్ అది, సెల్లార్‌లో గాలి ఆడేవైపు కారు పెట్టుకోండి. దగ్గర్లో ఎవరూ సిగరెట్ వెలిగించకూడదు. ముందు అద్దానికి ఈ పూత వేయకండి, వైపర్ కిర్రుమంటూ ఎగురుతుంది.

నీలిమేఘం
రాయి దెబ్బలు ఆగవని పైన చెప్పారు కాబట్టి అడుగుతున్నాను, పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అంటించే పారదర్శకమైన రక్షణ ఫిల్మ్, వేయించుకోవచ్చు కదా? నాకు బెంగళూరు హైవే మీద వారం వారం తిరుగుడు. బానెట్, ముందు బంపర్, అద్దాల కవర్లకు మాత్రమే ఫిల్మ్ వేయించాను. 38 వేలు అయింది. రెండేళ్లలో బంపర్ మీద ఒక్క చిప్ లేదు.

రింగురోడ్డు
38 వేలు పెట్టి సగం కారుకు ప్లాస్టిక్ కప్పారు. ఆ డబ్బుతో బంపర్ ఎన్నిసార్లు రంగు వేయించవచ్చో లెక్క వేయండి.

నీలిమేఘం
@రింగురోడ్డు గారూ, ఫ్యాక్టరీ పెయింట్ ఒకసారి పోతే ఏ షాపూ దాన్ని తిరిగి ఇవ్వలేదు. పదేళ్లు వాడేవారు మీరే ఆ మాట అనకూడదు. ఫిల్మ్ మందం 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే మొత్తం పెయింట్ కంటే మందం. దెబ్బ అది తింటుంది. సిరామిక్‌కు, దీనికి పోలికే లేదు, రెండు వేర్వేరు పనులు.

బెజవాడ_డీటెయిలర్
నీలిమేఘం గారి వాడకానికి పీపీఎఫ్ న్యాయమే. మధు గారూ, మీరు రోజూ ఎక్కడ తిరుగుతారు?

మియాపూర్_మధు
మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసు. నెలకోసారి నల్గొండ దగ్గర ఊరికి. పీపీఎఫ్‌కు ఇప్పుడు బడ్జెట్ లేదు, కోటింగే.

సీమబిడ్డ
మాది తాడిపత్రి. సిమెంటు దుమ్ము, నాపరాళ్ల పొడి, రెండూ మా కారు మీదే. రాత్రి మంచు పడిందంటే ఆ దుమ్ము తడిసి పొద్దునకి పొక్కు కట్టినట్టు గట్టిపడుతుంది. కోటింగ్ వేశాక తేడా ఏంటంటే, పైపుతో నీళ్లు కొడితే తొంభై పాళ్లు అదే పోతుంది. ముందైతే గోకాల్సి వచ్చేది. రింగురోడ్డు అన్న వ్యాక్స్ మా ఎండలకు నెలన్నర కూడా ఆగలేదు, మే నెలలో కరిగిపోయినట్టే. ఊరిని బట్టి కూడా ఉంటుందని చెప్పడానికి రాస్తున్నా.

రింగురోడ్డు
ఇది ఒప్పుకుంటాను. నా కారు రోజంతా నీడలో ఉంటుంది. ఎండలో నిలబెట్టేవాళ్లకు లెక్క వేరే.

డాలస్_తెలుగోడు
ఇక్కడ ఇళ్లకు గ్యారేజీలు ఉండటం వల్ల చాలామంది సొంతంగానే వేసుకుంటారు. నేనూ రెండు కార్లకు వేశాను. హ్యూస్టన్ వైపు మే, సెప్టెంబర్‌లలో లవ్‌బగ్ అనే జంట పురుగులు గుంపులుగా కారు ముందు భాగానికి అంటుకుంటాయి. ఒకటి రెండు రోజులు ఎండలో వదిలితే పెయింట్‌ను తినేస్తాయి. కోటింగ్ ఉంటే తడిగుడ్డకు వచ్చేస్తాయి. మొదటి కారుకు నేను చేసిన తప్పు: ఆల్కహాల్ తుడుపు వదిలేశాను. పాలిష్ నూనె పెయింట్ మీదే ఉండిపోయి, నాలుగు నెలలకే నీళ్లు ముత్యాల్లా నిలవడం ఆగిపోయింది. ఆ పది నిమిషాల పని ఎగ్గొట్టకండి.

పాతమోడల్
నీళ్ల సంగతి కూడా. మియాపూర్ అంటే బోరు నీళ్లే కదా? టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) ఎంతుందో చూసుకోండి. బోరు నీళ్లు కారు మీద ఆరితే తెల్లటి గుండ్రాలు పడతాయి. కోటింగ్ వేశాక నీళ్లు బిందువులుగా నిలుస్తాయి కాబట్టి ఎండలో ఆరితే ఈ గుండ్రాలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. నా కారుకు కోటింగ్ వేశాక మొదటి నెలలో ఇదే జరిగింది. ఇప్పుడు చివరి కడుగుడుకు ఒక బకెట్ మంచినీళ్లు, వెంటనే పెద్ద టవల్.

ఇంకొకటి, సెల్లార్ పైకప్పు పైపుల నుంచి చుక్కలు పడే చోట కారు ఆపకండి. ఆ చుక్కల్లో సున్నం ఉంటుంది, ఎండితే రాయిలా అంటుకుంటుంది.

మియాపూర్_మధు
అప్‌డేట్. మంగళవారం పూజ బాగా జరిగింది. నిమ్మకాయలు తొక్కించి, ఊరి వైపు ఒక రౌండ్ కొట్టి వచ్చాం. ఇంటికి రాగానే నీళ్లు పోసి సిందూరం, కుంకుమ జారనిచ్చాను. బానెట్ మీద స్వస్తిక్ తీసేస్తుంటే నాన్నగారు కాస్త చిన్నబోయారు. డాష్‌బోర్డు మీద చిన్న ఆంజనేయస్వామిని పెట్టుకుందామని చెప్పాక సరే అన్నారు.

శనివారం సాయంత్రం వాష్, ఐరన్ రిమూవర్ అయ్యాయి. ఊదా రంగు డిక్కీ మీద, వెనక బంపర్ మీద బాగా కారింది. అంత ఇనుము కొత్త కారు మీద ఉంటుందని అనుకోలేదు. కవర్ పరీక్షలో డోర్ల కింద, డిక్కీ మీద గరుకు తగిలింది, అక్కడే క్లే చేశాను. టార్చ్ కింద బానెట్ మీద నాలుగైదు సన్న గీతలు ఉన్నాయి, వాటితో బతికేస్తాను. ఆదివారం పొద్దున ఆరింటికి మొదలు పెడుతున్నాను.

స్టీరింగ్_శారద
ఫోన్ సైలెంట్‌లో పెట్టి మొదలుపెట్టు తమ్ముడూ. గుడ్డలు కనీసం ఆరు దగ్గర పెట్టుకో. పూత పట్టిన గుడ్డ గట్టిపడి గాజు పెంకులా తయారవుతుంది. రెండు మూడు పలకలకోసారి మార్చేయాలి.

మియాపూర్_మధు
అర్జెంట్. ఎవరైనా ఉన్నారా? రూఫ్, బానెట్, కుడి వైపు బాగా వచ్చాయి. ఎడమ వెనక డోరుకు పూసిన క్షణంలోనే అమ్మ టిఫిన్ తీసుకుని సెల్లార్‌కి దిగింది. ఇడ్లీ చల్లారిపోతుందని రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని, మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు దాటింది. గుడ్డ జరగడం లేదు. డోరు మధ్యలో అరచేయంత మచ్చ, చారలు. గట్టిగా రుద్దనా?

విశాఖ_తీరం
రుద్దకండి! ఆగండి. దాని మీదే కొత్తగా నాలుగు చుక్కలు పూయండి. తాజా పూతలో ఉన్న సాల్వెంట్ పాత పొరను మెత్తబరుస్తుంది. పది పదిహేను సెకన్లు చాలు, వెంటనే కొత్త గుడ్డతో సమం చేయండి. గంటలోపు కాబట్టి వచ్చే అవకాశం ఎక్కువ.

బెజవాడ_డీటెయిలర్
విశాఖ గారు చెప్పిందే చేయండి. మచ్చ వరకే కాదు, దాని చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు కలిపి పూయండి, లేకపోతే అంచు గీతలా మిగులుతుంది. రాకపోతే టెన్షన్ పడొద్దు, అలాగే వదిలేయండి. వారం తర్వాత సన్న పాలిష్‌తో చేత్తోనే అంత మేర తీసి, మళ్లీ పూయొచ్చు.

మియాపూర్_మధు
వచ్చింది! రెండుసార్లు చేయాల్సి వచ్చింది. మొదటిసారికి చారలు పోయాయి, రెండోసారికి మచ్చ కూడా. టార్చ్ ఎటు నుంచి కొట్టినా ఏమీ కనపడటం లేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. విశాఖ గారూ, డీటెయిలర్ గారూ, మీ ఇద్దరి రుణం తీర్చుకోలేను. ఇంకా ఎడమ ముందు డోరు, ఫెండర్, బంపర్లు ఉన్నాయి.

కారుపిచ్చి
అమ్మను తప్పు పట్టకు బ్రో. ఇడ్లీ తెచ్చినవాళ్లకు కోటింగ్ కంటే ముందు మర్యాద.

మియాపూర్_మధు
పూర్తయింది. ఆరింటి నుంచి పదకొండున్నర వరకు పట్టింది. 30 ఎంఎల్‌లో ఇంకా నాలుగో వంతు మిగిలింది. నల్ల రంగు ఇప్పుడు బావిలోకి తొంగిచూసినట్టు ఉంది. రేపు ఆఫీసుకు తీసుకెళ్లవచ్చా?

బెజవాడ_డీటెయిలర్
24 గంటలు అక్కడే ఉండనివ్వండి, ఒక్క చుక్క నీరు పడకూడదు. సోమవారం ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్లండి. తర్వాత తిప్పుకోవచ్చు కానీ వారం రోజులు షాంపూ వద్దు. ఈలోపు పక్షి రెట్ట పడితే మాత్రం ఆగకుండా తడి మైక్రోఫైబర్‌తో అద్ది తీసేయండి.

పాతమోడల్
రాత్రికి కారు పక్కన ఎవరి బండీ కడగకుండా చూసుకోండి. మా సెల్లార్‌లో పక్క కారు కడిగిన తుంపర్లు నా బానెట్ మీద మచ్చలు పెట్టాయి, కోటింగ్ వేసిన ఆరు గంటలకే.

మియాపూర్_మధు
వాచ్‌మన్ అన్నకు చెప్పాను. పక్కనున్న రెండు కార్లవాళ్లకు కూడా ఆయనే చెప్పారు. రాత్రి కుర్చీ వేసుకుని అటే చూస్తూ కూర్చున్నారు.

మియాపూర్_మధు
నెల తర్వాత అప్‌డేట్. సంక్రాంతికి ఊరికెళ్లి నిన్న రాత్రి వచ్చాం. విజయవాడ హైవే మీద పండగ రద్దీ, ముందు బంపర్ నిండా పురుగులు. ఊళ్లో వేపచెట్టు కింద నాలుగు రోజులు ఉంది, కాకులు వాటి పని అవి చేశాయి. పిల్లలు దుమ్ములో వేళ్లతో పేర్లు కూడా రాశారు.

పొద్దున రెండు బకెట్లు పెట్టుకుని కడిగాను. ముందు నీళ్లతోనే దుమ్ము చాలా వరకు జారిపోయింది. పురుగులు తడి గుడ్డ ఐదు నిమిషాలు కప్పి ఉంచితే వచ్చేశాయి. ఒక రెట్ట మాత్రం రెండు రోజులు ఎండలో ఉండిపోయింది, అక్కడ రూపాయి బిళ్లంత మసక గుర్తు మిగిలింది. పిల్లలు రాసిన చోట గీతలు కూడా ఉన్నాయి. దుమ్ము మీద వేలు పెడితే ఇసుకతో రుద్దినట్టే కదా, డీటెయిలర్ గారు ముందే చెప్పారు.

బెజవాడ_డీటెయిలర్
రెట్ట గుర్తు మీద కారు ఎండలో కాసేపు వేడెక్కాక మళ్లీ చూడండి. తేలికైనవి ఆ వేడికి కొంత సర్దుకుంటాయి. మిగిలితే ఆ బిళ్లంత మేర చేత్తో సన్న పాలిష్ చేసి, అక్కడే ఒక్క చుక్క కోటింగ్ వేయండి. పిల్లల గీతలు క్లియర్ కోట్‌లోనే ఉంటాయి, ఏడాదికోసారి సన్న పాలిష్ చేయించేటప్పుడు పోతాయి.

మియాపూర్_మధు
కోటింగ్ మిగిలింది అన్నాను కదా, ఆ బాటిల్‌తోనే వేయొచ్చా? తమ్ముడు తన బైక్ ట్యాంకుకు కూడా అడుగుతున్నాడు.

విశాఖ_తీరం
మూత తీసి నెల దాటింది. ముందు బాటిల్ ఊపి చూడండి. లోపల తెల్ల రవ్వలు తిరుగుతున్నా, మూత దగ్గర గాజు ముక్కల్లా గట్టిపడినా పారేయండి. ఆ రవ్వలతో పూస్తే ట్యాంకు మీద మీరే గీతలు పెట్టినట్టు.

మియాపూర్_మధు
మూత చుట్టూ తెల్లగా గట్టిపడింది. ఊపితే లోపల రవ్వలు కనిపిస్తున్నాయి. పారేశాను. తమ్ముడికి కొత్తది ఆర్డర్ పెట్టాను. వచ్చే ఆదివారం ఆరింటికి, ట్యాంకు మీద, ఈసారి పని వాడిదే. పక్కన టార్చ్ పట్టుకుని నేనుంటాను.

స్టీరింగ్_శారద
ఇడ్లీ పని అయ్యాకే తినమను.